పన్నెండో ముఖం

మధ్యాహ్నం ఒంటిగంట. పరిశోధనశాలలో మెదడు డాక్టరమ్మ గది. గోడకవతల స్కాన్ యంత్రం దబదబ మోగుతోంది. గోడకివతల ఆ యంత్రం నడిపేవాడి భార్య, చంకలో పది నెలల పిల్లతో, కాళ్ళ దగ్గర నిండుగా సర్దిన సంచితో, కుర్చీ చూపించినా కూర్చోకుండా నిలబడింది.

"...అవన్నీ నాకొద్దు డాక్టరమ్మా. ఆ పన్నెండో నంబరు ఎవరు? అదొక్కటి చెప్పండి చాలు."

"ముందు కూర్చో అమ్మా. పిల్ల బరువు, సంచి బరువు..."

"సంచి కింద పెట్టానుగా. పిల్ల నాకు బరువు కాదు. ఎవరది?"

"పన్నెండో నంబరు మనిషి కాదు తల్లీ, ఫొటో. ఉత్త ముఖం. మా దగ్గర ముఖాలకి నంబర్లే గానీ పేర్లుండవు."

"ఫొటో అయితే మాత్రం? మొహాలు చెట్లకి కాస్తాయా? ఎవరో ఒక మనిషి ఉంటుందిగా."

"ఉంటుందనుకో..."

"ఆ ఉన్నదెవరు?"

"అసలు మీ ఆయన నీకేం చెప్పాడు?"

"నాకు చెప్తారా! వాళ్ళన్నయ్యకి ఫోన్లో చెప్తుంటే విన్నాను. 'పన్నెండో నంబరు రాగానే నా బుర్రలో దీపాలన్నీ వెలిగాయట అన్నయ్యా, మేడమ్ చెప్పారు' అని ఒకటే ఇకఇకలు. 'రోజూ చూసే మొహమే, అయినా ఎలా వెలిగిందో చూడు' అట! రోజూ చూస్తారట! పొద్దున్న పోయి పొద్దుగూకాక వచ్చే మనిషి రోజూ చూసేదెక్కడ? ఇక్కడేగా!"

"నువ్వు అడగలేదా ఎవరని?"

"అడిగాను. చపాతీ పిండి చేత్తోనే వెళ్ళి... అదే, పిండి కలుపుతున్న చేత్తోనే వెళ్ళి అడిగాను. పన్నెండెవరండీ అన్నాను. నవ్వారు. 'నీకంటే అందగత్తెలే' అన్నారు."

"వేళాకోళం ఆడి ఉంటాడు."

"వేళాకోళానికైనా హద్దుండదా? నాలుగు రోజులైంది. గొంతులో ముద్ద దిగట్లేదు. నేను తినక, దీనికి పాలు చాలక, ఇద్దరం కలిసి ఏడుస్తున్నాం. ఆయన మాత్రం ఈల వేసుకుంటూ గడ్డం గీసుకుంటున్నారు. ఇదివరకు ఎప్పుడన్నా ఈల వేశారా?"

"ఈల వేస్తే కూడా తప్పేనా?"

"ఎందుకు వేస్తున్నారో తెలియనప్పుడు తప్పే."

"ఇదిగో విను. ఈ పక్క పనిచేసే ఆడవాళ్ళం ముగ్గురమే. నేను, రిపోర్టులు రాసే అమ్మాయి, తుడిచే పెద్దమ్మ. ఈ ముగ్గురిలో ఎవరి మీద నీ అనుమానం?"

"మీరు కాదు. మీకు తెల్లపాయ ఉంది, తాడు కట్టిన కళ్ళజోడుంది."

"తెల్లపాయకీ దీనికీ ఏమిటి సంబంధం?"

"అంటే... మీరు మీరేనని తెలుస్తుందిగా. అంతే."

"బాగానే ఉంది."

"నిన్న గేటు దగ్గర గంటన్నర నిలబడ్డాను, సాయంత్రం. లోపల్నుంచి ఎవరెవరొస్తారో చూద్దామని. తెల్లకోట్లేసుకుని ఏడుగురో ఎనిమిది మందో వచ్చారు. ఏమో, నలుగురేనేమో. పోయినవాళ్ళే మళ్ళీ వచ్చారేమో. కోట్లన్నీ ఒకటే రంగాయె. ఒక్కొక్కళ్ళనీ చూస్తుంటే ఇదే పన్నెండు, కాదు ఇదే పన్నెండు అని ఒళ్ళు మండిపోయిందనుకోండి."

"చంకలో పిల్లనేసుకుని?"

"మరి ఎవరికిచ్చి రాను? ఎవరికీ ఇవ్వను దీన్ని. ఒక్క నిమిషం కూడా ఇవ్వను."

"సరే సరే. ఆ వెలగడమంటే ఏమిటో చెప్పనా? వింటే నీకే నవ్వొస్తుంది. కళ్ళు చూస్తాయనుకుంటాం గానీ, కళ్ళు ఉత్త తలుపులు. చూసేది మెదడు. అదీ వెనక భాగం, ఇదిగో, ఇక్కడ, మెడ పైన."

"కళ్ళు ముందుంటే చూసేది వెనకా?"

"వెనకే."

"అందుకే కాబోలు, నేను ఎదురుగా నిలబడితే ఆయనకి కనపడను."

"అబ్బ, విను. అక్కడ్నుంచి చూపు రెండు దారులు పడుతుంది. పైదారి, కిందిదారి. వస్తువు ఎక్కడుందో పైదారి చెబుతుంది. అదేమిటో కిందిదారి చెబుతుంది. ఆ కిందిదారిలో, చెవి వెనకగా లోపల, గోరంత చోటు ఒకటుంది. అది ముఖాల కోసమే."

"ఒక్క ముఖాల కోసమేనా?"

"ఒక్క ముఖాల కోసమే. పదకొండేళ్ళ నుంచీ నా పనల్లా ఆ గోరంత చోటే."

"అందరికీ ఉంటుందా అది?"

"దాదాపు అందరికీ."

"దాదాపు అంటే?"

"ఆ సంగతి వదిలేయ్. తెలిసిన ముఖం కనపడగానే అక్కడికి రక్తం జోరుగా పారుతుంది. మా తెర మీద ఎర్రగా కనపడుతుంది. దాన్నే మావాళ్ళు వెలగడమంటారు. దీపమూ లేదు, ప్రేమా లేదు."

"ప్రేమ లేకపోతే మిగతా మొహాలకి లేని వెలుగు ఆ పన్నెండుకే ఎందుకొచ్చింది?"

"అది ఆయనకి బాగా తెలిసిన ముఖం కాబట్టి."

"నా ఏడుపూ అదే కదండీ! ఆవిడ అంత బాగా ఎలా తెలిసింది అనే కదా!"

"నీతో నా వల్ల కాదు. చూడు, ఆరోజు పరీక్షకి రావలసిన మనిషి రాలేదు. యంత్రం ఖాళీగా ఉంది. మీ ఆయన్నే పడుకోబెట్టాం. ఇరవై ఫొటోలు చూపించాం. పందొమ్మిది ఎవరివో. ఒకటి మాత్రం ఎవరికి వాళ్ళు తెచ్చుకోవాలి. బాగా ఎరిగినవాళ్ళది."

"ఆయనే తెచ్చారా? ఆవిడ ఫొటో ఆయన దగ్గరే ఉందా?"

"ఫోన్లోంచి పంపాడనుకుంటా. రిపోర్టుల అమ్మాయి దాన్ని సరిచేసి పెట్టింది. నేను నంబరే చూశాను, ముఖం చూడలేదు."

"చూపించండి."

"కుదరదమ్మా. ఎవరి ముఖమూ ఇంకొకళ్ళకి చూపించబోమని మాటిచ్చి తీసుకుంటాం."

"సరే. చూపించకండి. నాలుగింటికి బస్సుంది. అక్క వాళ్ళ ఊరు వెళ్ళిపోతున్నాను. ఆయన ఇంటికెళ్ళి తాళం చూసుకుంటారు. అప్పుడు వెలగనివ్వండి దీపాలు."

"ఒక ఫొటో కోసం కాపురం వదులుకుంటావా?"

"ఫొటో కోసం కాదు. నన్ను చూస్తే ఆయనకి అలా వెలగదని తెలిశాక ఎలా ఉంటాను, చెప్పండి. గుడ్డికన్ను మూస్తే ఏం, తెరిస్తే ఏం?"

"మీ అక్క అడిగితే ఏమని చెప్తావ్?"

"మా ఆయన బుర్రలో దీపాలు వెలిగాయి, అందుకని వచ్చేశానని చెప్తాను. అక్క నవ్వుతుంది. నవ్వనీ. వెళ్తానండీ. పదవే చిట్టీ."

"ఆగు! ఆగమన్నానా. ఆ సంచి కింద పెట్టు. నీకు చూపించను గానీ నేను చూస్తాను. ఎవరో తెలిస్తే నీకు చెప్పదగినదేదో చెప్తాను. ఉండు, తెరవనీ... తొమ్మిది... పది... ఇది కాదు... పన్నెండు. ఇదిగో... ఓరి దేవుడా!"

"ఏంటి? ఏంటండీ? ఎందుకు నవ్వుతున్నారు?"

"నవ్వక ఏడవమంటావా! దీనికా నాలుగు రోజులు తిండి మానేశావ్? ఆ మహానుభావుడు కూడా తక్కువవాడేం కాదు. రా, ఇటు రా. ఇది నీకు చూపించడానికి నాకే అడ్డూ లేదు. తెర ఇటు తిప్పుతున్నా. చూసుకో!"

"...ఇదా."

"ఇదే."

"ఇదేనా ఆవిడ."

"ఆవిడే. ఎలా ఉంది?"

"ఎలా ఉండటమేంటి. సిగ్గుండాలి. ఆ చూపు చూడండి, ఫొటో తీసేవాణ్ణి కొరుక్కు తినేలా!"

"హహ్హ! తిట్టు, ఇంకా తిట్టు."

"తిట్టనా, నాకేం భయమా? ఆ పెదవి విరుపు చూడండి. నేనేం చేసినా చెల్లుతుందన్న ధీమా అది. అందులోనూ ఇంకొకళ్ళ మొగుడని తెలిసీ!"

"చాల్లే అమ్మాయ్, నటించింది చాలు. పొట్ట పగిలిపోయేలా ఉంది నాకు."

"నటించడమేంటండీ?"

"మరి?"

"కడుపు మండి నేనంటుంటే నటన అంటారేంటి? ఆ కళ్ళు... కళ్ళు మాత్రం బాగున్నాయి. అబద్ధమెందుకు. నవ్వితే ఆ చెంపకి సొట్ట కూడా పడుతోంది. ఆయన అన్నది నిజమే. నాకంటే బాగుంది."

"అమ్మాయ్. ఇటు చూడు, నావైపు."

"చూస్తున్నా."

"నువ్వు ఆటపట్టించట్లేదు కదా నన్ను?"

"కొంప మునిగి నేనేడుస్తుంటే ఆటలా?"

"ఈ ముఖం నువ్వెప్పుడూ చూడలేదా?"

"నేనెక్కడ చూస్తానండీ? చూసుంటే అప్పుడే తేల్చేదాన్ని. మీరేంటి అలా అయిపోయారు? ఇప్పటిదాకా నవ్వారుగా. మీకు తెలిసినావిడేనా?"

"...తెలుసు. ఈరోజే తెలిసింది."

"ఎవరు?"

"చెప్తాను. దాచను. ముందు నేనడిగినవి చెప్పు. కూర్చుని చెప్పు. మీ ఆయన్ని బయటెక్కడైనా గుర్తుపట్టలేకపోయావా, ఎప్పుడైనా?"

"ఆయన చెప్పారా గొడుగు సంగతి? చెప్పే ఉంటారు, ఊరంతా చాటింపు వేశారుగా. నా తప్పేం లేదు. నాకు చెప్పకుండా మీసం తీసేసి, బస్టాపులో పక్కకొచ్చి నిలబడి, 'పోదామా' అని నవ్వితే? ఎవడో వెధవ అనుకుని గొడుగుతో ఒక్కటిచ్చాను."

"గొంతు విన్నాక తెలిసిందా?"

"'నేనే తల్లోయ్' అని అరిచాక తెలిసింది. మళ్ళీ మీసం పెంచమన్నాను. పెంచారు."

"వీధిలో ఎవరన్నా పలకరిస్తే?"

"ముందు వాళ్ళని మాట్లాడనిస్తాను. నాలుగు మాటలయ్యేసరికి ఎవరో దొరికిపోతారు. గొంతో, నడకో, చెప్పులో. దానికేముంది, అందరూ అంతేగా?"

"అందరూ అంతే కాదమ్మా. ఎంతవరకు చదువుకున్నావ్?"

"ఏడు. ఏడులో మానేశాను."

"ఎందుకు మానేశావ్?"

"ఇదెందుకండీ ఇప్పుడు?"

"చెప్పు తల్లీ."

"యూనిఫాం. నవ్వకండి. చిన్న బడిలో ఎవరి బట్టలు వాళ్ళవి, బాగానే ఉండేది. పెద్ద బడికొచ్చేసరికి అందరివీ ఒకటే బట్టలు, ఒకటే రెండు జడలు, ఒకటే రిబ్బన్లు. పక్కన కూర్చునే పిల్ల చోటు మారితే నాకు మళ్ళీ కొత్తపిల్లే. లెక్కల టీచరు ఎదురొస్తే గుడ్ మార్నింగ్ చెప్పలేదని పొగరన్నారు. గంట కొట్టే ఆయాకి చెప్పానని ఎగతాళన్నారు. రోజూ ఏదో ఒక పేచీ. 'దీనికి కళ్ళు నెత్తికెక్కాయి' అనేవాళ్ళు. మా నాన్న కళ్ళ డాక్టరుకి చూపించాడు. కళ్ళు భేషుగ్గా ఉన్నాయన్నాడాయన. అంటే మరి పొగరేగా! ఇక వెళ్ళనన్నాను. ఇంట్లో ఎవరూ బలవంతం చెయ్యలేదు."

"నీది పొగరు కాదు."

"ఇప్పుడంటే ఏం లాభం. పదమూడేళ్ళు దాటిపోయింది."

"పిల్ల కాలికి ఆ పసుపు నూలుపోగు ఎందుకు?"

"ఊరికే."

"ఊరికే కడతారా? కింద ఒరుసుకుని ఎర్రబడింది చూడు."

"ఊరికేనన్నానా."

"పసుపు నూలు ఎందుకు కట్టావ్?"

"...టీకాల రోజు. ఎవరికీ చెప్పనంటే చెప్తాను. ఆయనకి కూడా చెప్పలేదు."

"చెప్పను."

"టీకా వేయించాక బల్ల మీద పడుకోబెట్టి కాగితం మీద సంతకం పెట్టడానికెళ్ళాను. రెండు నిమిషాలు. వచ్చేసరికి బల్ల మీద నలుగురు పిల్లలు. నలుగురికీ వాళ్ళిచ్చిన తెల్లదుప్పట్లే. నాలుగూ ఏడుపులే. ఎత్తుకున్నాను. ఎత్తుకుని మెట్లు దిగుతుంటే వెనకనుంచి ఒకావిడ పరిగెత్తుకొచ్చి లాక్కుంది. 'నా బిడ్డనెక్కడికి తీసుకుపోతున్నావే' అని చెంప మీద కొట్టింది. నాది బల్ల మీదే ఉంది. ఒక్కతే ఉంది. కన్నతల్లిని, డాక్టరమ్మా. పిల్లిక్కూడా తెలుస్తుంది తన పిల్ల ఏదో. ఆ రోజు కట్టాను ఈ పోగు. స్నానానికి కూడా విప్పను. ఎవరికీ ఇవ్వనన్నది అందుకే. అటిచ్చి ఇటు తిరిగితే, ఆ పోగు ఊడిపోతే, నేనేం చెయ్యను? ఇలాంటిది పక్కనుంటే ఏ మగవాడి బుర్రలో మాత్రం దీపం వెలుగుతుంది చెప్పండి? ఆయన తప్పు కూడా లేదేమో."

"ఇది నీ ప్రేమలో లోటు కాదు. నీ తప్పు అంతకంటే కాదు. ఇందాక దాదాపు అందరికీ అన్నానే... పదకొండేళ్ళు, పదకొండేళ్ళ నుంచి ఎక్కడెక్కడి నుంచో రప్పించుకుంటున్నాను, ఆ చోటు వెలగనివాళ్ళని, ముఖాలు పోల్చుకోలేనివాళ్ళని. ఈ గోడకవతల మనిషి ఇంట్లో... సరేగానీ, ఇంకొక్కటి అడగనా, అద్దంలో... ఉహూఁ, వద్దు. అడగను."

"ఎందుకు?"

"అది నా పని కోసం అడిగే ప్రశ్న. నీకోసం కాదు."

"నా గుట్టంతా లాగేశారు. ఇంకేం మిగల్లేదు. ఇప్పుడు మీ వంతు. ఆవిడెవరు?"

"మీ ఆయన చేత్తో రాసిచ్చిన కాగితం ఇది. నువ్వే చదువు. ఈ వరస."

"'ఫొటో నంబరు: పన్నెండు. తెలిసిన కాలం: నాలుగేళ్ళు.' నాలుగేళ్ళు! పెళ్ళైన దగ్గర్నుంచీ నడుస్తోందన్నమాట!"

"పూర్తిగా చదువు."

"'సంబంధం:' ... భా... 'భార్య.'"

"ఊఁ."

"భార్యా?"

"అవునమ్మా. భార్య."

"అయ్యో! అయ్యయ్యో! పెళ్ళి కూడా చేసేసుకున్నారా దాన్ని!"

"కాదు, కాదు, నామాట..."

"ఆదివారం డ్యూటీలన్నీ అక్కడేనా! ఇద్దరికీ ఒకే ఏడు తాళి కట్టారా? నాకు ముందా, దానికి ముందా? నాలుగేళ్ళు నా చేతి కూడు తింటూ కాగితం మీద ఎవత్తినో భార్య అని రాస్తారా! పిలవండి ఆయన్ని! ఆ యంత్రం ఆపి పిలవండి!"

"పిల్ల జడుసుకుంటోంది. మెల్లగా. పిలుస్తాను, నువ్వు కావాలంటే ఇప్పుడే పిలుస్తాను. కానీ ముందు ఇంకొకటి చూడు. నేను నోటితో చెబితే నువ్వు నమ్మవు. ఇందాక చూసింది కత్తిరించిన ఫొటో. జుట్టు, చెవులు, మెడ, బట్టలు అన్నీ తీసేసి ఉత్త ముఖం ఉంచుతాం. ఇది కత్తిరించక ముందుది. ముఖం జోలికి పోకు. ముఖాన్ని నా అరచేత్తో మూసేస్తున్నా. మిగతాది చూసి చెప్పు."

"కిటికీ."

"ఊఁ."

"మా వంటింటి కిటికీ! రెక్క ఊడిపోతే నేనే తాడు కట్టాను. మా ఇంటికే వచ్చిందా ఇది? నేను లేనప్పుడా?"

"ఇంకా చూడు."

"నీలం స్వెట్టరు. నాది! నా స్వెట్టరు వేసుకుంది! మోచెయ్యి దగ్గర చిరిగితే నీలం దారం లేక ఎర్రదారంతో కుట్టాను, ఇదిగో, నా కుట్టే. వంకరటింకరగా. ఎంత ధైర్యం!"

"కోప్పడకుండా చూడు. చంకలో?"

"పిల్ల. గళ్ళగౌను, అక్క కుట్టింది. మా చిట్టే! నా పిల్లని ఎత్తుకుంది డాక్టరమ్మా! నేను ఎవరికీ ఇవ్వని పిల్లని... అదెలా... నేనెప్పుడూ ఇవ్వలేదే. ఎవరికీ ఇవ్వలేదు."

"ఇవ్వలేదు."

"మరి?"

"ఆ గౌను ఎప్పుడు తొడిగావ్?"

"ఒక్కసారే. ఆ రోజే బిగుతుగా ఉంది, మళ్ళీ తొడగలేదు. వాన, ఇంట్లో కరెంటు లేదు. ఇల్లంతా చీకటిగా ఉందని ఆయన కిటికీ దగ్గరికి రమ్మన్నారు. ఫోను పట్టుకుని నవ్వు, నవ్వు అని ఒకటే నస."

"ఎవర్ని నవ్వమన్నాడు?"

"నన్నే."

"నవ్వావా?"

"నవ్వకపోతే వదుల్తారా? పిచ్చి మొహం పెట్టి చూపించారు, నవ్వొచ్చేసింది."

"ఆ రోజు ఇంట్లో ఎవరెవరున్నారు?"

"ఎవరుంటారు, మేమే. ఆయన, నేను, చిట్టి. ముగ్గురం."

"ఫొటో తీసింది?"

"ఆయన."

"చంకలో ఉన్నది?"

"చిట్టి."

"ముగ్గురన్నావుగా."

"ఆయన... చిట్టి... ఇంకా... డాక్టరమ్మా, మీ చెయ్యి ఒక్కసారి తియ్యండి."

"తీశాను. చూడు... అమ్మాయ్? ఏడవకు తల్లీ."

"పాపం... ఆవిడ్ని నేను ఎన్నెన్ని మాటలన్నానండీ!"